చెరువును దున్నుకున్న ఊరు

మా ఊరి చెరువును ఎండగొట్టాలని మాట అనుకున్న రోజున ఎవరూ కొట్లాడలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు మింగుడు పడనిది అదే. పొలం గట్టు జానెడు పక్కకు జరిగితే తలలు పగలగొట్టుకునే ఊరు మాది. ఒకరి బర్రె ఇంకొకరి చేలో మూతి పెడితే, ఆ బర్రె మేత ఆపి వినేంత గొప్పగా తిట్టుకునే ఊరు. అలాంటి వాళ్ళు చెరువుకు చెరువునే తీసేద్దామంటే నవ్వుకుంటూ, చుట్టలు ముట్టించుకుంటూ, అన్నం వేళకల్లా తేల్చేసి లేచారు.

అప్పుడు నేను పదో తరగతి చదువుతున్న పిల్లను. డెబ్బైలు సగం దాటాయి. హసన్‌పర్తి దాటాక బస్సు దిగి, బండ్లబాట పట్టుకుని నడిస్తే మా ఊరు వస్తుంది. ఊరికంటే ముందు చెరువు కట్ట కనిపించేది. పెద్ద చెరువేం కాదు. కుంట అంటే మా వాళ్ళకు కోపం వచ్చేది, చెరువు అంటే పక్క ఊరి వాళ్ళకు నవ్వొచ్చేది. దాన్ని ఎవరు కట్టించారో ఎవరికీ తెలియదు. అడిగితే "రాజులు" అనేవాళ్ళు. ఏ రాజులని అడిగితే విసుక్కునేవాళ్ళు.

మా నాయిన నా చిన్నప్పుడే చనిపోయాడు. మాకు మిగిలింది కట్ట కింద అర ఎకరం తోట, ఆ తోటలో ఒక బావి. మాకు అంటే నాకూ, మా అమ్మకూ. అమ్మను మా దిక్కు అవ్వ అంటాం. అవ్వ ఆ తోటలో వంకాయ, బీర, గోంగూర, కొన్ని సాళ్ళు మిరప వేసేది. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని మొదటి బస్సుకు హనుమకొండ మార్కెట్‌కు పోయేది. చెరువు తూము మా తోటకు సరిగ్గా ఎదురుగా ఉండటంతో కాలువ నీళ్ళు అందరికంటే ముందు మాకే అందేవి. కాలువ లేని రోజుల్లో బావి ఆదుకునేది. ఆ బావి ఉన్నంత కాలం తాను ఒకరి ఇంటికి కూలికి పోనక్కర్లేదని, నన్ను బడి మానిపించనక్కర్లేదని అవ్వ ధీమా. ఆ మాట ఆమె దాచుకునేది కాదు, వినేవాళ్ళు విసిగేదాకా చెప్పేది.

పైగా అది మంచినీళ్ళ బావి. ఊళ్ళో బావులు చాలానే ఉన్నా, పప్పు ఉడకాలంటే మా బావి నీళ్ళే కావాలి. మా వాడకట్టు ఆడవాళ్ళంతా పొద్దుటా సాయంత్రం బిందెలతో మా తోటకు వచ్చేవాళ్ళు. ఎదురింటి అత్త అయితే నీళ్ళకు వచ్చి, నీళ్ళు తప్ప అన్ని సంగతులూ మాట్లాడి, చివర్లో గుర్తొచ్చి చేద వేసేది. అవ్వ ఆమెను వదినె అనేది. ఆమె మొగుడు, ఎదురింటి మామ, అవ్వను చెల్లె అని పిలిచేవాడు. రక్తసంబంధం ఏమీ లేదు. కానీ నాయిన పోయినప్పటి నుంచీ మా ఇంట్లో కప్పు కారినా, నాకు జ్వరం వచ్చి దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చినా ముందు పరిగెత్తుకొచ్చేది ఆయనే. నన్ను ఏడిపించడంలో కూడా ఆయన తర్వాతే ఎవరైనా.

చెరువును తీసేద్దామని మొదట అన్నది ఆ మామే.

అప్పటికి ఊళ్ళోకి కరెంటు వచ్చి కొన్నేళ్ళయింది. మోటలు అటకెక్కాయి. ఎడ్లు నీళ్ళు తోడే పని తప్పి కొవ్వెక్కాయి. మీట నొక్కితే బావిలో నీళ్ళు గట్టు మీద దుంకడం చూసి ముసలివాళ్ళు నోరెళ్ళబెట్టారు. నేనూ చూశాను కాబట్టి వాళ్ళను ఎగతాళి చెయ్యను. అలాంటి నీళ్ళు చూసిన వాళ్ళకు చెరువు ఉత్త దండగలా కనిపించింది. నిండితే శిఖం మునుగుతుంది. శిఖం అంటే చెరువు లోపలి భూమి. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి పోయిన మేరకు అందులో దోసకాయలో, పెసర్లో చల్లుకునేవాళ్ళు. ఆ నల్లమట్టిలో కాసిన దోసకాయ ఒక్కటి చాలు, ఇల్లంతా వాసన వచ్చేది. ఆ మట్టి మీద అందరికీ ఎప్పటి నుంచో కన్ను ఉంది.

మామ కట్ట మీద కూచుని అన్న మాటలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. "ఇంటింటికి బాయున్నది. బాయికో మోటరున్నది. ఇగ చెరువెందుకయ్యా? నీళ్ళకు గంత జాగిచ్చి మనం గింత జాగల బతుకుతానం. నీళ్ళేమన్న మనకు అల్లుడా, పెద్దపీట వేసి కూసోబెడ్తానికి?"

అందరూ పగలబడి నవ్వారు. నవ్వినవాళ్ళంతా కట్ట కింద భూములున్న వాళ్ళే. తరతరాలుగా ఆ చెరువు నీళ్ళతోనే బతికినవాళ్ళు. బయటివాడెవడో వచ్చి చెరువు మింగేస్తే నాకు ఇంత ఆశ్చర్యం ఉండేది కాదు. మా వాళ్ళే, తమ అన్నం గిన్నెను తామే బోర్లించడానికి వంతులు వేసుకున్నారు. ఆడవాళ్ళ పక్కన కూచున్న అవ్వ మాత్రం ఒక్కటే అడిగింది.

"అన్నా, నా బాయికేమైతది?"

"బాయికేమైతదే చెల్లె? బాయి బాయే, చెరువు చెరువే. దాని పక్కపొంటి ఇది ఉన్నదంతే. ఫికర్ చెయ్యకు."

ఆయన అబద్ధం చెప్పలేదు. మా ఊళ్ళో అందరూ అలాగే అనుకునేవాళ్ళు. చెరువు నీళ్ళు దేవుడు వాన పోస్తే వచ్చేవి, బావి నీళ్ళు మనం తవ్వితే వచ్చేవి. రెండింటికీ సంబంధం ఉందని బడిలో చదువుతున్న నాకే తట్టలేదు. అవ్వ సరేనని తలూపింది.

ఆ ఎండాకాలం తూము తెరిచారు, మత్తడి రాళ్ళను గడ్డపారలతో పెకలించారు. మత్తడి అంటే నిండిన చెరువులోంచి మిగులు నీళ్ళు దుంకే చోటు. వానాకాలంలో మత్తడి దుంకితే ఊరంతా మేకను కోసుకుని పండుగ చేసుకునేది. ఆ రాళ్ళను తీసిన మనుషులు కూడా ఎన్నోసార్లు ఆ పండుగ మాంసం తిన్నవాళ్ళే. వాళ్ళ మొహాల్లో ఇంత కూడా బెరుకు కనపడలేదు. నీళ్ళు వాగులో పడి పోతుంటే పిల్లలం ఒడ్డు వెంట పరిగెత్తాం. సర్కారు భూమి కదా, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని కొందరు భయపడ్డారు. ఎవరూ రాలేదు.

చివరికి తూము దగ్గర మోకాలి లోతు మడుగు మిగిలింది. ఆ రోజు చేపల లూటీ. ఊరంతా దిగింది. గంపలు, చీరలు, దోమతెరలు, ఏది దొరికితే అది పట్టుకుని దిగారు. అత్త నా చెయ్యి పట్టుకుని బురదలోకి లాగింది. ఇద్దరం మొహాల నిండా బురదతో ఒకరినొకరం చూసి నవ్వి నవ్వి కూలబడ్డాం. ఆ రోజు ఏ ఇంట్లో చూసినా చేపల పులుసే. మిగిలినవి కప్పుల మీద ఎండేశారు. ఊరంతా నీచు వాసన, పిల్లులు బలిసిపోయాయి.

మర్నాడు సాయంత్రం నేను కట్ట ఎక్కాను. అంతకు ముందు నాకు చెరువు లేదని తెలుసు, కానీ ఎక్కి చూడలేదు. బర్రెలు రోజూ వచ్చే దారినే వచ్చాయి. రేవు దగ్గర ఆగలేదు. నీళ్ళుండే చోటికి నడుచుకుంటూ పోయి, చెరువు నట్టనడుమ, పగుళ్ళు తీస్తున్న బురదలో నిలబడ్డాయి. నిలబడి అలాగే ఉన్నాయి. కాపరి అదిలించినా కదల్లేదు. చాకలి బండలు గాలిలో తేలినట్టు ఎత్తున, ఒంటరిగా కనిపించాయి. ఎన్నడూ చూడని వాటి అడుగుభాగం చూసి నాకు ఎందుకో సిగ్గేసింది.  ఇంటికి పోయి అన్నం తినకుండా పడుకుంటే అవ్వ చేపలు పడలేదేమోనని వాము నమిలించింది.

తాడుతో కొలిచి, చీట్లు తీసి శిఖాన్ని పంచుకున్నారు. కట్ట కింద భూమి ఉన్న ప్రతి ఇంటికీ ఒక వంతు. అవ్వకు తూముకు ఎగువన, అన్నిటికంటే పల్లంలో ఉన్న మడి వచ్చింది. వాగు నుంచి వచ్చే వాన నీళ్ళు పోవడానికి చెరువు నడుమ నుంచి మత్తడి దాకా ఒక కాలువ వదిలారు. ఎడ్లబండి దిగి ఎక్కేంత వెడల్పు కాలువ.

కొత్త మడులకు పాత కట్టుబాటే పెట్టుకున్నారు. పై మడి నుంచి కింది మడిలోకి నీళ్ళు వదలాలంటే గట్టుకు పెట్టే గండిని మడవ అంటారు. మా ఊళ్ళో మడవను ఎప్పుడూ కింది మడి వాళ్ళే తియ్యాలి. పై వాళ్ళకు ఎంత తొందర ఉన్నా పార పెట్టకూడదు. నీళ్ళు ఎవరి భూమిలోకి పోతాయో వాళ్ళ చేత్తోనే మొదటి పార పడాలి. రేపు ఏదైనా నష్టం జరిగితే "నువ్వు ముంచినవ్" అని అనేందుకు లేకుండా ఎవరో పెద్దలు పెట్టిన పద్ధతి. కొట్లాటలకు పుట్టిల్లయిన మా ఊరు ఈ ఒక్క దాన్ని మాత్రం ఎన్నడూ తప్పలేదు.

మొదటి పంట గురించి నిజం చెప్పాలి. అలాంటి వరిని నేను మళ్ళీ చూడలేదు. ఎరువు లేదు, మందు లేదు, కంకులు వంగిపోయి నేలను తాకాయి. అప్పటిదాకా మా ఇంట్లో రోజూ జొన్న గటుక. అన్నం అంటే పండక్కో, చుట్టాలొస్తేనో. ఆ ఏడు అవ్వ వడ్లు పోసిన గుమ్మి పక్కన కూచుని, ఊరికే చెయ్యి పెట్టి తీసి, పెట్టి తీసి చూసుకుంది. రెండు పూటలా తెల్లన్నం తిన్నాం. నేను ఇంటర్‌కు హనుమకొండ కాలేజీలో చేరాను. చెరువు పోయిందని అన్నం మానేసి పడుకున్నదాన్ని నేనేనా అనిపించేంత కమ్మగా ఉండేది ఆ అన్నం.

తర్వాతి సంగతులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, ఎంత మెల్లగా అంటే, ఏదీ మొదలైనట్టే తెలియలేదు.

కాలువకు అటూ ఇటూ మడులున్న వాళ్ళు దున్నేటప్పుడు ఏటా ఒక సాలు కాలువలోకి జరిగారు. ఒక్క సాలే. ఎవరూ ఎవరినీ అనలేదు, ఎందుకంటే అందరూ జరిపారు. మత్తడి కోసిన చోట ఒకాయన మట్టి పోసి రెండు మడులు చేసుకుని, నీళ్ళు పోవడానికి ఒక సిమెంటు గొట్టం తూర పెట్టాడు. తూములో బురద పేరుకుని మూసుకుపోయింది, వాడేదే లేనప్పుడు దాన్ని తీసేదెవరు? బండి దిగి ఎక్కిన కాలువను కొన్నేళ్ళకు నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి ఒక్క అంగలో దాటాను. దాటి నిలబడి వెనక్కి చూసి నివ్వెరపోయాను. నా కాళ్ళు పొడుగయ్యాయా అని కూడా అనుకున్నాను.

బావులు కూడా అంతే. మొదటి ఎండాకాలం చేంతాడుకు ఇంకో మూర ముడేశారు. "ఎండలు ఎక్కువైనయ్" అన్నారు. మరుసటి ఏడు ఇంకాస్త. మోటర్లు బురద కక్కాయి. మామ తన బావిని లోతు చేయించాడు. వడ్డెర వాళ్ళు వచ్చి రాయిలో తోటాలు పెట్టి పేల్చారు. రాళ్ళు ఎగిరి మా పెరట్లో పడ్డాయి. నీళ్ళు మాత్రం పడలేదు. ఆయన గట్టు మీద కూచుని లోపలికి చూస్తూ, "భూమి గూడ ముసల్దయింది పో" అని నవ్వడానికి చూశాడు. ఎనభైలు వచ్చేసరికి ఎండాకాలంలో మా వాడకట్టులో నీళ్ళున్న బావి మాదొక్కటే. కట్ట కింద, అన్నిటికంటే పల్లంలో ఉండటం వల్ల, ఏ పాత ఊటో దానికి ఇంకా అందుతుండేది. తోటకు మోటరు వెయ్యడం అవ్వ సగానికి సగం తగ్గించింది. మిరప మానేసింది. తాగే నీళ్ళకు మాత్రం ఎవరినీ కాదనలేదు. ఆడవాళ్ళు మా గిరక దగ్గర వరస కట్టేవాళ్ళు. అత్త ఇప్పుడు ముచ్చట్లు పెట్టకుండా ముందే చేద వేసేది.

ఆ తర్వాత ఏడు, వరి కోతకు వారం పది రోజులుందనగా, తుఫాను పట్టింది.

వాన ఆగకుండా కురిసింది. నేను డిగ్రీ కాలేజీకి పోకుండా ఇంట్లోనే ఉన్నాను. రెండో రోజు పొద్దున కట్ట మీద కేకలు వినిపించి అవ్వా నేనూ గోనె సంచులు కప్పుకుని పోయాం. ఎక్కి చూశాం. చెరువు ఉంది. మేం చంపి పాతిపెట్టిన చెరువు, గట్లూ మడులూ ఏమీ లేకుండా, అంచు నుంచి అంచు దాకా నిండి ఉంది. దాని కింద ఊరి వరి మొత్తం ఉంది. అంచుల్లో అక్కడక్కడా కంకుల కొసలు కనిపిస్తున్నాయి. నీళ్ళు దిగిపోకపోతే గింజ మొలకెత్తి కుళ్ళిపోతుంది. వాగు ఎప్పటి దారినే వచ్చింది, పోయే దారి మాత్రం మేం ఉంచలేదు.

మగవాళ్ళు అప్పటికే పాత కాలువను వెతకడానికి దిగి వచ్చారు. ఛాతీ లోతు నీళ్ళలో తుంగ, బురద తప్ప ఏమీ చేతికి తగల్లేదట. "మత్తడి కాడి మడులను తవ్వరాదుండ్రి" అన్నాను నేను.  "అక్కడ తీస్తే పై మడులే ఆరతయ్ బిడ్డా" అన్నాడు మామ. "నడుమ పల్లం గట్లనే ఉంటది. అందరియి ఉన్నది నడుమనే గద. మీది గూడ."

అంటే మిగిలింది ఒక్కటే. తూము దగ్గర కట్టను కొయ్యాలి. కోస్తే నీళ్ళు ఎక్కడ పడతాయో చెప్పక్కర్లేదు. కట్ట మీద నిలబడి కిందికి చూస్తే తడిసిన వంగ మొక్కలు, బీర పందిరి, వాటి నడుమ మా బావి, దాని గిరక కనిపిస్తున్నాయి.

వాళ్ళు మమ్మల్ని పక్కకు తోసి తవ్వేస్తారేమో అనుకున్నాను. అలా చేసి ఉంటే నేను ఈ రోజుకు వాళ్ళను క్షమించి ఉండేదాన్నేమో. అలా జరగలేదు. అందరూ వెనక్కి జరిగి దారిచ్చారు. మామ పార తీసుకొచ్చాడు. పిడికి బురద అంటి ఉంటే తన భుజం మీది తువ్వాలతో శుభ్రంగా తుడిచాడు. తుడిచి, రెండు చేతులతో అవ్వకు అందించాడు.

"చెల్లె, నీళ్ళు నీ జాగలకు పోతయ్. మొదటి పార నువ్వు పెట్టాలె."

 ఇన్నేళ్ళుగా ఆ మనిషి నవ్వు తప్ప నేనేమీ చూడలేదు. ఇప్పుడు కూడా ఆయన కళ్ళలో చెడు లేదు. కట్టుబాటు పాటిస్తున్నాడు, అంతే. ఆ తువ్వాలతో తుడవడం ఉంది చూశారా, దాన్ని నేను ఇప్పటికీ భరించలేను.

అవ్వ పార పట్టుకుని, "బాయి?" అంది.

"గట్టు ఎత్తున్నది గదే. పక్కపొంటి పోతయ్ నీళ్ళు. మేట పడ్డా మేమంత వచ్చి ఎత్తిపోస్తం. అందరం."

"నేను వద్దంటే?"

 వాన గోనె సంచుల మీద పడుతూనే ఉంది. మామ తల దించుకుని అన్నాడు. "వద్దంటే వద్దే చెల్లె. నీ భూమి, నీ చెయ్యి. ఎవ్వలం ఏమనం."

నేను చుట్టూ చూశాను. నిన్న సాయంత్రం మా బావి నీళ్ళు తోడుకుని పోయిన వాళ్ళే అందరూ. వాళ్ళలో ఒక్కరైనా "వద్దు, ఆ బావి మనదే గదా" అంటారని ఎదురు చూశాను. అత్త వైపు చూశాను. ఆమె పంటి బిగువున ఏడుపు ఆపుకుంటూ నీళ్ళలో మునిగిన తన మడి దిక్కే చూస్తోంది. బావి దిక్కు ఎవరూ చూడటం లేదు. ఎండాకాలం ఇంకా ఎంతో దూరంలో ఉంది. కళ్ళముందు వరి మునిగి ఉంది.

"అవ్వా, పెట్టకు," అని నేను ఆమె ముంజేయి పట్టుకున్నాను. అవ్వ నా చెయ్యి విదిలించలేదు. మెల్లగా ఒక్కొక్క వేలూ విప్పింది. విప్పి, కొంగు నడుముకు చుట్టి, పార ఎత్తి కట్ట మీద వేసింది.

తర్వాత పది పారలు ఒక్కసారిగా పడ్డాయి. మొదట సన్నటి ధార పోయింది. కాసేపటికి అటూ ఇటూ మట్టి పెళ్ళలు విరిగి పడ్డాయి. అప్పుడు పారలు పట్టుకున్న వాళ్ళే భయపడి వెనక్కి ఉరికారు. ఆ చప్పుడు నేను చెప్పలేను. బీర పందిరి నిలబడ్డది నిలబడ్డట్టే పోయింది. మోటరు గది గోడ వంగింది. నీళ్ళు పక్కపొంటి పోలేదు. నేరుగా బావిలోకి దుంకాయి, చుట్టూ తిరిగాయి. గట్టు రాళ్ళు లోపలికి కూలాయి. ఎర్రటి బురద పైకి పొంగి, తర్వాత బావి ఎక్కడుందో కూడా తెలియకుండా దాని మీద నుంచే పారింది.

కట్ట అవతలి దిక్కు నుంచి ఎవరో "తేలుతాంది, తేలుతాంది" అని కేక పెట్టారు. వరి కంకులు బయటపడుతున్నాయి. మనుషులు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నవ్వారు. నేను కూలబడి చూస్తుంటే అవ్వ కూడా అటు తిరిగి, "మనది గూడ తేలింది బిడ్డా," అంది. ఆ గొంతులో నిజంగానే కొంచెం సంతోషం ఉంది. ఆ మాట విని నేను బిత్తరపోయాను. ఇంటికి పోయాక అడిగాను, ఎందుకు పెట్టావని. పొయ్యి ముందు తడి చీరతో కూచుని అవ్వ చెప్పింది. "గంతమంది గట్ల నా మొకం చూస్తాంటె ఏమంటనే? గుంజుకుంటే కొట్లాడుదును. చేతికిచ్చిండ్లు."

ఎత్తిపోస్తామన్న మాట ప్రకారం వచ్చారు. మనసులో మాయ ఉన్నవాళ్ళు కాదు. తోట మీద తొడ లోతు ఇసుక మేట వేసింది. బావిలో తట్టతో తీసేకొద్దీ పక్కల నుంచి కూలింది. ఒక మనిషి నడుము దాకా కూరుకుపోతే తాళ్ళు వేసి లాగారు. ఆ తర్వాత ఎవరినీ దిగమని అవ్వే అడగలేదు. అప్పటికి కోతలు మొదలయ్యాయి, ఎవరి పని వాళ్ళకు వచ్చింది. అవ్వ పల్లపు మడి వరి సగం కుళ్ళింది, సగం వచ్చింది. తోట లేదు కాబట్టి మిగిలిన రోజులు ఇతరుల కోతలకు కూలికి పోయింది. ఆమె కొడవలి పట్టుకుని పొద్దున్నే మామ వాళ్ళ మడి దిక్కు నడిచిపోవడం కిటికీలోంచి చూసి నేను పుస్తకం మూసేశాను. నా చదువు ఆ ఏడుతో ఆగిపోయింది. దాని గురించి ఆమె ఒక్కరోజు కూడా మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

వానలకు ఊరిన తమ బావులతో మిగతావాళ్ళు నెట్టుకొచ్చినా, మాకు నీళ్ళకు బడి దగ్గర వేసిన కొత్త బోరింగు దిక్కయింది. ఊరికి అవతలి కొసన ఉండేది. కొడితే కొడితే వచ్చేవి, వచ్చినవి ఉప్పగా ఉండేవి. పప్పు ఎంతసేపటికీ ఉడికేది కాదు. నేను పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె మోసుకొచ్చేదాన్ని.

కోతలయ్యాక ఒక మధ్యాహ్నం అత్త కొత్త బియ్యం సంచి నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మిల్లులో ఆడించిన మొదటి బియ్యం, ముందు మాకే తెచ్చింది. "నీ చెయ్యి వడ్డందుకే ఇయ్యాల ఊరు అన్నం తింటాంది వదినె," అని సంచి అరుగు మీద దించింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి నటన కాదు. కొంగుతో మొహం తుడుచుకుని, ఎప్పటిలాగే గోడకు ఆనుకుని కూచుని, "జర మంచినీళ్ళియ్యి బిడ్డా, గొంతెండుకపోయింది" అంది.

నేను కదల్లేదు. అవ్వే లేచి బిందెలోంచి చెంబు ముంచి ఇచ్చింది. అత్త గబగబా ఎత్తి పోసుకుంది. గుటక వేయబోయి మొహం చిట్లించి ఆగింది.

"ఇవి మన నీళ్ళు కావు గద వదినె," అంది.

అవ్వ బియ్యం సంచి మూతి విప్పి, దోసిట్లోకి బియ్యం తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తోంది. తల ఎత్తలేదు. కోపం కూడా లేదు ఆ గొంతులో.

"మన నీళ్ళా?" అంది. "ఇగో, నువ్వు తెచ్చిన సంచిలనే ఉన్నయ్."

అత్త కాసేపు చెంబునే చూసి, అందులో మిగిలినవన్నీ కళ్ళు మూసుకుని తాగేసింది.